గుర్తు కంటికి ఒకటి, కంప్యూటర్‌కు ఇంకొకటి: పద్యాల సైటులో అరసున్నలూ గురులఘువులూ నిలవాలంటే

మాస్టారూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇదీ. ఛందస్సు పాఠాలతో, పద్యాలతో మీరొక సైటు పెట్టారు. మీ ల్యాప్‌టాప్‌లో అంతా బాగుంది. మనవరాలి పాత ఫోన్‌లో అరసున్నల చోట డబ్బాలు పడుతున్నాయి. గురులఘు చిహ్నాలు అక్షరాల నెత్తిన నిలవకుండా పక్కకు జరిగిపోతున్నాయి. పుస్తకాల ధర దగ్గర రూపాయి గుర్తుకు బదులు ఏవో మూడు పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. పద్యం చివరి గీతలు ఒక్కో చోట ఒక్కో లావున ఉన్నాయి. విసుగొచ్చి, "అన్ని గుర్తులనూ బొమ్మలుగా చేసి పెట్టేస్తే పీడ వదులుతుందా?" అని అడిగారు.

వదలదు. "వాఁడు"లో అరసున్న బొమ్మయితే, ఆ మాట ఎవరు వెతికినా దొరకదు. ఎవరైనా కాపీ చేసుకుంటే "వాడు" అని పడుతుంది. చదివేవారు అక్షరం సైజు పెంచుకుంటే బొమ్మ అక్కడే మరుగుజ్జులా నిలబడుతుంది. చూపులేనివారికి పేజీ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఆ బొమ్మ దగ్గర నోరు మూసుకుంటుంది. మీరు ఇన్నేళ్లూ "ఏఁడు అంటే సంవత్సరం, ఏడు అంటే అంకె" అని పిల్లలకు చెప్పి, చివరికి ఆ తేడాను మీ సైటులో మీరే చెరిపేసినట్టవుతుంది.

గుర్తులు రావడం లేదని ఎవరు ఫోన్ చేసినా నేను మొదట అడిగేది ఒక్కటే: "దాని చోట ఏం కనిపిస్తోంది?" డబ్బా వేరు, ప్రశ్నార్థకం వేరు, టోపీ పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరం వేరు. జ్వరానికీ అజీర్ణానికీ ఒకే మాత్ర వేయం కదా.

మీరు అతికించిన పద్యపాదంతోనే మొదలుపెడతాను. దాన్ని ఒక్కో అక్షరం సంఖ్యగా విప్పి చూశాను. కంప్యూటర్‌కు అక్షరం అంటే సంఖ్యే. ప్రపంచ లిపుల అక్షరాలకు ఒక్కో సంఖ్య ఇచ్చే ప్రమాణం యూనికోడ్. దానిలో తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 గళ్లు ఇచ్చారు. అరసున్న గడి 3073. మీ పాదంలో అరసున్న ఉండాల్సిన చోట ఉన్నది 3072. అంటే మాస్టారూ, మీ అరసున్న అరసున్న కాదు! అది సంస్కృత పాఠాలను తెలుగు లిపిలో రాసేటప్పుడు అక్షరం పైన పెట్టే చంద్రబిందువు. 2014లో యూనికోడ్‌లోకి వచ్చింది. అసలు అరసున్న మొదటినుంచీ ఉంది. మీరు కీబోర్డు మీద అరసున్న దొరక్క "గుర్తుల పట్టిక" తెరిచి, తెలుగు వరుసలో మొట్టమొదట కనిపించిన సున్నలాంటిదాన్ని నొక్కి ఉంటారు. పైకి జరిగి కనిపిస్తే ఫాంటు చేసే వింత అనుకుని ఉంటారు. మీ ల్యాప్‌టాప్ ఫాంటు కొత్తది, దానికి ఆ గడి తెలుసు. మనవరాలి ఫోన్ పాతది, దానికి తెలియదు. తెలియని గడి వస్తే డబ్బా గీస్తుంది. దీనికి మందు చిన్నది: సైటు మొత్తంలో 3072ను 3073తో మార్చేయండి. ఏ మంచి ఎడిటర్‌లోనైనా "వెతుకు, మార్చు" రెండు నిమిషాల పని. ముందు బ్యాకప్ తీసుకోండి.

వెతికేటప్పుడు ఇంకో సంగతి చూసుకోండి. "వాఁడు" టైపు చేసే క్రమం వ, దీర్ఘం, అరసున్న, డు. కొందరు అరసున్న ముందు కొట్టి దీర్ఘం తర్వాత కొడతారు. అప్పుడు దీర్ఘం ఆనుకోవడానికి అక్షరం దొరక్క, చుక్కలతో గీసిన ఒక గుండ్రని సున్నా మీద ఎక్కి కూర్చుంటుంది. ఆ చుక్కల సున్నా కనిపిస్తే అది ఫాంటు తప్పు కాదు, టైపు చేసిన వరుస తప్పు అని ముందు అనుమానించండి.

అసలు తెలుగు సైటులలో గుర్తుల గొడవ సగం ఇక్కడే ఉంది. కంటికి ఒకేలా ఉన్నవాటిని ఒకటే అనుకుని కొట్టేస్తాం. నేను సరిదిద్దిన పాత ఫైళ్లలో పదేపదే కనిపించినవి చెప్తాను, మీ పద్యాల్లో కూడా వెతకండి.

పూర్ణానుస్వారానికి బదులు తెలుగు అంకె సున్నా. "త౦డ్రి", "తండ్రి" ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదానిలో ఉన్నది అంకె, సంఖ్య 3174. రెండోదానిలో ఉన్నది అనుస్వారం, 3074. కాగితం మీద ప్రింటు తీస్తే ఎవరూ పట్టుకోలేరు. కానీ సెర్చిలో తండ్రి అని వెతికితే మొదటి మాట రాదు. మీరు చెప్పిన గణవిభజన ప్రోగ్రాం దగ్గరికి వెళ్తే ఇంకా అన్యాయం: ఆ అంకెను అది అనుస్వారమని గుర్తించదు, మధ్యలో ఏదో సంఖ్య వచ్చిందనుకుని తికమక పడుతుంది.

విసర్గకు బదులు ఇంగ్లీషు కోలన్. "దు:ఖం" అని రాసినది ఎన్ని పత్రికల్లో చూడలేదు మనం! అక్కడ ఉండాల్సింది "దుఃఖం", విసర్గ సంఖ్య 3075. కోలన్ పెడితే మాట రెండు ముక్కలవుతుంది. దు ఒక ముక్క, ఖం ఒక ముక్క. డబుల్ క్లిక్ చేసి చూడండి, చాలా చోట్ల సగం మాటే ఎంపికవుతుంది.

అవగ్రహకు, అంటే సంధిలో అకారం లోపించిందని చూపే గుర్తుకు బదులు ఇంగ్లీషు ఎస్. ఇది నాకు మరీ ముచ్చటగా ఉంటుంది. తెలుగు అవగ్రహ ఽ యూనికోడ్‌లోకి 2008లో వచ్చింది. అంతకుముందు కొట్టినవాళ్లకు వేరే దారి లేదు, ఎస్ కొట్టారు, లేదా దేవనాగరి అవగ్రహ తెచ్చుకున్నారు. ఇప్పుడు ఆ సాకు లేదు. "శివోఽహం" అని శుభ్రంగా రాయొచ్చు, సంఖ్య 3133. దంత్య చజలు ౘ, ౙ కూడా ఆ ఏడాదే వచ్చాయి.

ఇక దండాలు. పద్యం చివర మీరు కొట్టినవి కీబోర్డు మీది నిలువు గీతలు రెండు. అసలు దండం । సంఖ్య 2404, జంట దండం ॥ సంఖ్య 2405. ఇవి దేవనాగరి గళ్లలో ఉంటాయి, కంగారు పడొద్దు. తెలుగు లాంటి ప్రధాన భారతీయ లిపులు వాటినే పంచుకోవాలన్నది యూనికోడ్ వారి ఏర్పాటు. మీ పేజీలో ఒక్కో చోట ఒక్కో లావున కనిపించడానికి కారణం రెండు రకాలూ కలిసిపోవడమే. సగం పద్యాల్లో నిలువు గీతలు, సగం పద్యాల్లో నిజం దండాలు ఉన్నాయి. ఆ నిజం దండాలు కూడా మీరు వాడిన అందమైన తెలుగు ఫాంటులో లేకపోతే బ్రౌజర్ వేరే ఫాంటునుంచి అరువు తెస్తుంది. అరువు చొక్కా భుజాలకు సరిపోదు.

మీకైతే దీనిలో ఇంకో చిక్కుంది. లఘువుకు కూడా మీరు చాలాచోట్ల అదే నిలువు గీత కొడుతున్నారు. పద్యం చివర ఆగడానికీ అదే, లఘువుకూ అదే. రేపు ఎవరైనా ప్రోగ్రాం రాసి మీ పద్యాలను లెక్కపెడితే, ప్రతి పద్యం చివరా రెండు లఘువులు తేలతాయి.

అరసున్నను పూర్ణసున్నగా మార్చే ఎడిటర్లు కూడా ఉన్నాయి, "దిద్దుబాటు" పేరుతో. ఛందస్సు సైటుకు ఇంతకంటే ద్రోహం లేదు. "నన్నుఁ" అంటే గురువు, లఘువు. అదే "నన్నుం" అయితే రెండూ గురువులు. గణం పోయింది, పద్యం పోయింది. అందుకే గుర్తు కనిపించడం ఒక్కటే చూసుకోకండి, సరైన గుర్తే కనిపిస్తోందా అని చూసుకోండి.

ఇప్పుడు గురులఘువుల సంగతి. మీరు పద్యపాదం ఒక వరుసలో రాసి, దాని పై వరుసలో ఖాళీలు కొట్టుకుంటూ చిహ్నాలు సర్దారు. నోటుబుక్కులో అలాగే రాస్తాం. కానీ వెబ్ పేజీలో ఎన్ని ఖాళీలు కొట్టినా బ్రౌజర్ వాటిని కలిపి ఒక్క ఖాళీ చేస్తుంది. ఆ కలపడాన్ని ఆపే ట్యాగులు వాడినా, తెలుగు అక్షరాలు అన్నీ ఒకే వెడల్పు కావు. "ల"కూ "క్ష్మి"కీ వెడల్పులో ఎంత తేడా! ఫాంటు మారితే వెడల్పు మారుతుంది, చిహ్నం జారిపోతుంది. ఫోన్‌లో పాదం రెండు వరుసలుగా విరిగితే చెప్పేదేముంది, చిహ్నాలన్నీ ఒక చోట, అక్షరాలన్నీ ఒక చోట.

దీనికి వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లో చక్కటి సాధనం ఉంది, మన వైపు దాన్ని వాడేవాళ్లు తక్కువ. దాని పేరు రూబీ ట్యాగు. జపనీస్, చైనీస్ పాఠాల్లో అక్షరం నెత్తిన దాని ఉచ్చారణ చిన్న అక్షరాలతో రాయడానికి పుట్టింది. రూబీ ట్యాగులో మొదట మన అక్షరం పెట్టి, లోపల ఆర్‌టీ అనే ట్యాగులో చిహ్నం పెడితే, బ్రౌజరే ఆ చిహ్నాన్ని ఆ అక్షరం పైన మధ్యగా నిలబెడుతుంది. ఫాంటు మార్చండి, సైజు పెంచండి, పాదం విరగనివ్వండి. చిహ్నం అక్షరాన్ని వదలదు, ఎక్కడికెళ్తే అక్కడికి వెంట వస్తుంది. ఆర్‌టీ భాగం కాపీలో కలవకుండా, పేజీ రూపురేఖలు దిద్దే సీఎస్ఎస్‌లో దాన్ని ఎంపిక కాకుండా పెట్టేయండి. చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు కూడా కనిపించకుండా దాచండి. లేకపోతే అది ప్రతి అక్షరం తర్వాతా "నిలువు గీత, నిలువు గీత" అని చదువుతుంది.

కానీ అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మీకు తెలిసినట్టు కంప్యూటర్‌కు తెలియదు. "లక్ష్మి" తీసుకోండి. మీకూ నాకూ రెండు అక్షరాలు: ల, క్ష్మి. కంప్యూటర్‌కు ఏడు సంఖ్యలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. మీ సైటు చేసిపెట్టిన కుర్రాడు జావాస్క్రిప్ట్‌లో మామూలుగా ముక్కలు చేసి ఉంటే ఏడు ముక్కలు వచ్చి, ఒత్తులు విడిపోయి, పైన చెప్పిన చుక్కల సున్నాలు వరుసగా పేరుకుంటాయి. కొత్త బ్రౌజర్లలో సెగ్మెంటర్ అనే సదుపాయం ఉంది, అది కాస్త తెలివిగా విడదీస్తుంది. అయితే సంయుక్తాక్షరాన్ని విడదీయకుండా ఒకటిగా లెక్కించాలన్న నియమం తెలుగుకు యూనికోడ్ 15.1లో, అంటే 2023లో వచ్చింది. అంతకు ముందటి బ్రౌజర్లు "క్ష్మి"ని మూడు ముక్కలు చేసేస్తాయి. అందుకని నా సలహా, దాని మీద ఆధారపడకుండా నియమం మీరే రాయించండి. ఒక హల్లు, దాని వెనక పొల్లూ హల్లూ జంటలు ఎన్ని వస్తే అన్ని, ఆపైన గుణింతపు గుర్తు ఉంటే అది, ఆపైన సున్నో అరసున్నో విసర్గో ఉంటే అది. అచ్చుతో మొదలైతే అచ్చు, దాని వెనక సున్న. పొల్లుతో ఆగిపోయిన హల్లు ముందు అక్షరానికి చెందుతుంది: "వచ్చెన్" అంటే వ, చ్చెన్ అని రెండే, మూడు కాదు. మీరు తరగతిలో చెప్పే పాఠమే ఇది. కుర్రాడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పండి, గంటలో రాసేస్తాడు.

చిహ్నం ఏది వాడాలన్నది ఇంకో ప్రశ్న. గురువుకు మనం గిన్నె ఆకారం వేస్తాం. అందరూ ఇంగ్లీషు పెద్ద యూ కొడతారు. "అది అక్షరం కదా, చిహ్నం కాదు కదా" అని మీకు అనిపించొచ్చు. నాకేం అభ్యంతరం లేదు, ఆ అక్షరం లేని ఫాంటు అరుదు. గణితంలో సమ్మేళనం గుర్తు ∪ (సంఖ్య 8746) మరింత అందంగా ఉంటుంది కానీ కొన్ని ఫాంట్లలో ఉండదు. ఒక్కటి మాత్రం వాడొద్దు: యూనికోడ్‌లో ఛందస్సు కోసమే ఉన్న ⏑ గుర్తు, సంఖ్య 9169. చూడ్డానికి మన గురువులాగే ఉంటుంది, పేరులోనూ ఛందస్సు ఉంటుంది. కానీ పాశ్చాత్య ఛందస్సులో ఆ గిన్నె హ్రస్వానికి! మన లఘువు వాళ్ల గిన్నె, మన గురువు వాళ్ల అడ్డగీత. విదేశాల్లో సంస్కృతం చదివినవాళ్లెవరైనా మీ పేజీ చూస్తే గణాలన్నీ తిరగబడి కనిపిస్తాయి. లఘువుకు నిలువు గీత, సంఖ్య 124, సరిపోతుంది. ఇంగ్లీషు ఐ, చిన్న ఎల్, అంకె ఒకటి, ఇవి కలగాపులగంగా కొట్టకండి. మీ పేజీల్లో ఇప్పుడు మూడూ ఉన్నాయి, చూశాను. పద్యం చివర ॥ పెట్టేసుకుంటే దండానికీ లఘువుకూ తగువుండదు.

రూపాయి దగ్గరికి వద్దాం. మీకు కనిపిస్తున్నవి ఏమిటి? టోపీ పెట్టుకున్న ఇంగ్లీషు ఏ, కింద కామాలాంటి గీత, పైన చిన్న ఒకటి. ఇది పాత పరిచయం. ₹ గుర్తు సంఖ్య 8377. యూనికోడ్ సంఖ్యలను బైట్లుగా, అంటే 0 నుంచి 255 లోపు చిన్న సంఖ్యలుగా దాచే పద్ధతి యూటీఎఫ్-8. దానిలో అది మూడు బైట్లు అవుతుంది: 226, 130, 185. ఆ మూడింటినీ కలిపి ఒక గుర్తుగా చదవాల్సింది పోయి, పశ్చిమ యూరప్ పద్ధతిలో ఒక్కొక్కటీ విడిగా చదివితే ఆ మూడు పిచ్చి అక్షరాలే వస్తాయి. తెలుగుకూ ఇదే జరిగితే ఎలా ఉంటుందో గుర్తుపెట్టుకోండి. తెలుగు అక్షరాలన్నీ 224తో మొదలవుతాయి, రెండో బైటు 176 కానీ 177 కానీ. అందుకని చెడిన తెలుగు పేజీలో తల మీద గీత ఉన్న ఏ, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో, మళ్లీ ఏ, మళ్లీ డిగ్రీ, ఇలా జపమాలలా సాగుతుంది. అది కనిపిస్తే సంతోషించండి, ఎందుకంటే బైట్లు భద్రంగా ఉన్నాయి, చదివేవాడే తప్పు చదువుతున్నాడు.

పేజీ మొత్తం అలా ఉంటే మందు రెండు చోట్ల. పేజీ పైన హెడ్ భాగంలో, మొదటి 1024 బైట్ల లోపలే, చార్‌సెట్ యూటీఎఫ్-8 అని చెప్పే మెటా ట్యాగు ఉండాలి. టైటిల్‌కంటే ముందు పెట్టండి. రెండోది పేజీతో పాటు సర్వర్ చీటీలా పంపే కంటెంట్-టైప్ హెడర్. ఇది చాలామంది మర్చిపోతారు. హెడర్ ఒక మాటా మెటా ట్యాగు ఇంకో మాటా చెబితే బ్రౌజర్ హెడర్ మాటే వింటుంది. క్రోమ్‌లో రైట్ క్లిక్, ఇన్‌స్పెక్ట్, నెట్‌వర్క్ ట్యాబ్, పేజీ మళ్లీ లోడ్ చేసి మొదటి వరుస నొక్కితే హెడర్లు కనిపిస్తాయి.

కానీ మీ పేజీలో చుట్టూ తెలుగు బాగుంది, ధర దగ్గర మాత్రమే చెడింది. అంటే పేజీ మీద తప్పు లేదు. ఆ చెడిన మూడు అక్షరాలే మీ డేటాబేస్‌లో నిజంగా కూర్చున్నాయి. ఎక్కడో ఎవరో ఒక చోట తప్పుగా చదివి, ఆ తప్పునే మళ్లీ శుభ్రంగా దాచిపెట్టారు. ధరల పట్టిక ఎక్సెల్‌నుంచి తెచ్చారని రాశారు కాబట్టి అనుమానం అటే పోతుంది. ధరలు పదో ఇరవయ్యో ఉంటే మళ్లీ టైపు చేసుకోవడమే సుఖం.

ఎక్సెల్ అన్నాను కాబట్టి నా సొంత గాయం ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల కిందట ఒక గ్రంథాలయం వారికి పుస్తకాల జాబితా వెబ్‌లో పెట్టే పని ఒప్పుకున్నాను. వాళ్ల దగ్గర పనిచేసే అమ్మాయి ఓపిగ్గా వేల పేర్లు తెలుగులో కొట్టింది. నేను ఫైలు తెరిచి, కామాలతో ఉండే మామూలు సీఎస్‌వీగా సేవ్ చేసి, అసలు ఫైలు తీసేశాను. తర్వాత తెరిస్తే ప్రతి పేరూ ప్రశ్నార్థకాల వరుస. ఎక్సెల్‌లో ఆ మామూలు సీఎస్‌వీకి తెలుగు గళ్లు లేవు, లేని ప్రతి అక్షరానికీ ఒక ప్రశ్నార్థకం రాసేసింది. జపమాల అయితే వెనక్కి తిప్పొచ్చు. ప్రశ్నార్థకాలను తిప్పలేం, అక్షరం అక్కడ లేదు, బూడిదే ఉంది. ఆ అమ్మాయి మళ్లీ మొదటినుంచీ కొట్టింది, నన్నొక్క మాట అనలేదు, అదే ఇంకా బాధ. ఎక్సెల్‌లో సీఎస్‌వీ యూటీఎఫ్-8 అని విడిగా ఇంకో ఎంపిక ఉంటుంది. అది నొక్కండి. అసలు ఫైలు ఎప్పుడూ తీసేయకండి.

డేటాబేస్‌లోనూ ప్రశ్నార్థకాలు పుడతాయి, టేబుల్ పాత లాటిన్ పద్ధతిలో ఉంటే. మీది మైఎస్‌క్యూఎల్ అన్నారు కదా, దానిలో ఒక మోసం ఉంది. "యూటీఎఫ్8" అని దానిలో ఉన్న పాత పద్ధతి మూడు బైట్ల దాకానే పట్టుకుంటుంది. తెలుగు మూడు బైట్లే కాబట్టి మీకు ఏళ్లతరబడి ఏ తేడా తెలియదు. ఒకరోజు మీ పద్యం చదివి ముచ్చటపడిన పాఠకుడు "చాలా బాగుంది మాస్టారూ 🙏 నా చిన్నప్పుడు..." అని రాస్తాడు. ఆ చేతులు జోడించిన గుర్తు నాలుగు బైట్లు. సర్వర్ అమరికను బట్టి ఆ వ్యాఖ్య అసలు చేరదు, లేదా సరిగ్గా ఆ నమస్కారం దగ్గర తెగి మిగతాది పోతుంది. టేబుళ్లనూ, కనెక్షన్‌నూ కూడా యూటీఎఫ్8ఎంబీ4కు మార్పించండి. టేబుల్ ఒక్కటే మార్చి కనెక్షన్ మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

మొదటి పేజీలో పద్యం తొలి ముక్క చూపించి "ఇంకా చదవండి" అని పెట్టారు. ఆ ముక్క చివర నల్లటి వజ్రంలో తెల్లటి ప్రశ్నార్థకం అక్కడక్కడ వస్తోంది కదా? అది వేరే జబ్బు. మీ పీహెచ్‌పీ కోడ్ పద్యాన్ని 50 బైట్ల దగ్గర కోస్తోంది. తెలుగు అక్షరం మూడు బైట్లు; పదహారు అక్షరాలకు 48, పదిహేడో అక్షరంలో రెండు బైట్లు తెగి ఇటు, ఒకటి అటు. అరటిపండును అడ్డంగా కోసినట్టు. ఎంబీతో మొదలయ్యే ఫంక్షన్లు బైట్లు కాక అక్షరసంఖ్యలు లెక్కపెడతాయి, వాటితో కోయమనండి. ఒత్తు దగ్గర తెగకుండా ఖాళీ దొరికే చోట కోస్తే మరీ మంచిది.

ఇక ఎంటిటీలు, అంటే గుర్తుకు బదులు దాని సంఖ్యనో పేరునో కోడ్‌గా రాయడం. ఆ కుర్రాడు అరసున్నలన్నీ ఁ అని రాస్తే నమ్మకంగా ఉంటుందని చెప్పాడన్నారు. ఒకప్పుడు, ఫైళ్లు ఏ పద్ధతిలో సేవ్ అవుతాయో తెలియని రోజుల్లో, అది మంచి సలహా. ఇప్పుడు అనవసరం. మూడు బైట్ల అక్షరానికి ఏడు బైట్లు, పైగా మీరు ఫైలు తెరిచి తప్పొప్పులు చూసుకోలేరు. ఏదో ఒక చోట మీ ఎడిటర్ ఆ ఆంపర్‌శాండ్‌ను మళ్లీ ఎంటిటీగా మార్చేస్తే పేజీ మీద గుర్తుకు బదులు ఁ అన్న ఆ చిట్టా ముక్కే అచ్చవుతుంది. తెలుగు నేరుగా రాయండి. ఎంటిటీలు మూడింటికి ఉంచండి: ఆంపర్‌శాండ్‌కు, కోణపు బ్రాకెట్లకు, కంటికి కనిపించని గుర్తులకు.

కనిపించని గుర్తు అంటే మనకు ముఖ్యంగా ఒకటి ఉంది, జీరో విడ్త్ నాన్ జాయినర్, సంఖ్య 8204. "సాఫ్ట్‌వేర్" అని రాసినప్పుడు ట పొల్లుగా నిలబడి, వే విడిగా రావాలంటే మధ్యలో అది ఉండాలి. లేకపోతే "సాఫ్ట్వేర్" అని వకారం ఒత్తయి కింద వేలాడుతుంది. కొన్ని సైటు సాఫ్ట్‌వేర్లు కనిపించని అక్షరాలు ప్రమాదమని వీటిని ఊడ్చేస్తాయి. ప్రమాదం బొత్తిగా లేదని కూడా అనలేం: 2018 ఫిబ్రవరిలో జ, పొల్లు, ఞ, ఈ కనిపించని గుర్తు, ఆపై దీర్ఘం ఆ వరుసలో వచ్చిన తెలుగు సందేశం అందితే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయేవి. యాపిల్ ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. మన "జ్ఞా" అంత పని చేసిందని అప్పట్లో నవ్వుకున్నాం.

ఫాంటు గురించి ఎక్కువ చెప్పను. మీ సైటు ఫాంటును చదివేవాడి ఫోన్ మీద వదిలేయకండి, మీరే పంపండి. నోటో సాన్స్ తెలుగు, నోటో సెరిఫ్ తెలుగు ఉచితం. డబ్బాలు (ఇంగ్లీషులో వాటిని టోఫు అంటారు) కనిపించకూడదన్న ఉద్దేశంతోనే ఆ కుటుంబానికి ఆ పేరు పెట్టారు. శీర్షికలకు కావాలంటే గిడుగు, గురజాడ, సూరన్న వంటివి గూగుల్ ఫాంట్లలో ఉన్నాయి, కానీ పద్యపాఠానికి వాడేముందు ఁ, ఱ, ఽ, ॥, ₹ అన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి. ఫైలు చిన్నది చేస్తామనే ఆన్‌లైన్ సాధనాల్లో కొన్ని అక్షరాల బొమ్మలు ఉంచి ఒత్తులు కలిపే పట్టికలు తీసేస్తాయి, జాగ్రత్త. ఏ గుర్తు ఏ ఫాంటునుంచి వస్తోందో తెలియాలంటే, క్రోమ్ ఇన్‌స్పెక్ట్‌లో కంప్యూటెడ్ ట్యాబ్ అట్టడుగున వాడిన ఫాంట్ల పేర్లు ఉంటాయి. అక్కడ రెండు పేర్లు కనిపిస్తే మీ దండం అరువుదని అర్థం. నకారపొల్లుకు విడిగా ౝ అనే గడి 2021లో వచ్చింది, మోజుపడి వాడకండి. చాలా ఫోన్లలో అది ఇంకా డబ్బాయే. న్ అని రాస్తే అందరికీ చేరుతుంది.

సంప్రదింపుల పేజీలో ☎ గుర్తు కొందరికి నల్లగా, కొందరికి ఎర్రటి రంగుబొమ్మగా వస్తోందన్నారు. దాని వెనకే 65038 సంఖ్య గుర్తు చేర్చండి, ︎ అని. "దీన్ని బొమ్మగా కాక అక్షరంగా చూపు" అన్నమాట. కొన్ని ఫోన్లు అయినా వినవు. నేనైతే "ఫోన్:" అని రాసి ఊరుకుంటాను. ధర కూడా అంతే. రూపాయి చిహ్నాన్ని కేంద్ర మంత్రివర్గం 2010 జులై 15న ఆమోదించింది, అదే ఏడాది అక్టోబరులో యూనికోడ్ 6.0లో చేరింది. మధ్యలో ఆ కొద్ది నెలలూ కీబోర్డు మీద ఒకటికి పక్కనుండే ` మీట మీద ఆ బొమ్మ గీసిన ఫాంట్లు ఊరంతా తిరిగాయి. ఆ ఫాంటు లేనిచోట ధర ముందు ఒక వాలుగీత మాత్రం కనిపించేది. అలాంటి పాత ఫైళ్లు మీ దగ్గరుంటే వెతికి తీసేయండి. ఇప్పుడు ₹ హాయిగా వాడుకోవచ్చు. అయినా తెలుగు వాక్యం మధ్యలో "రూ. 150" నాకు కంటికింపుగా ఉంటుంది.

వెతుకులాటకు చివరిగా ఒకటి. అరసున్నలు, బండిరాలు సరిగ్గా పెట్టాక, పిల్లలు "ఏడు" అని కొడితే "ఏఁడు" దొరకదు. పద్యాన్ని యథాతథంగా ఒక గడిలో దాచి, అరసున్నలు తీసేసి ఱ బదులు ర పెట్టిన నకలు ఇంకో గడిలో దాచి, వెతకడం మాత్రం నకలులో జరిగేలా చూడండి. చూపించేది ఎప్పుడూ అసలుదే.

ముందు 3072ల పని, తర్వాత త౦డ్రులూ దు:ఖాలూ, ఆపైన రూబీ. ఆ క్రమంలో చేయండి. తర్వాత మనవరాలి ఫోన్‌లో "ఏఁడు, కఱి, శివోఽహం, దుఃఖం, సాఫ్ట్‌వేర్, ₹ 150 ॥" అన్న ఒక్క వరుసతో పరీక్ష పేజీ పెట్టి చూడండి. ఏదైనా ఇంకా డబ్బాగా వస్తే ఆ ఫోన్ ఆండ్రాయిడ్ వెర్షనూ, స్క్రీన్‌షాటూ పెట్టండి మాస్టారూ, చూస్తాను. స్క్రీన్‌షాట్‌తో పాటు ఆ మాటను కాపీ చేసి అతికించడం మర్చిపోకండి, బొమ్మలో సంఖ్యలు కనిపించవు.